డ్రైవరు లెక్కతో మొదలుపెట్టు: ఎలక్ట్రిక్ లారీలకు మద్దతు కూడగట్టే తమ్ముడికి లేఖ

విజయవాడ

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

విశాఖ ఓడరేవు చుట్టూ తిరిగే కంటైనరు బండ్ల డ్రైవర్లలోనూ చిన్న యజమానుల్లోనూ ఎలక్ట్రిక్ లారీలకు మద్దతు కూడగట్టాలనుకుంటున్నానని, పని ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని రాశావు. చాలా సంతోషం. లారీ కార్మికుల సంఘంలోనే నా జీవితం గడిచింది కాబట్టి, నీకు ఎదురయ్యే ప్రశ్నలు ఎలాంటివో నాకు బాగా తెలుసు.

ముందుగా ఒక మాట. వాతావరణం గురించిన ఉపన్యాసంతో మొదలుపెట్టకు. దేశంలోని వాహనాల్లో డీజిల్ లారీలు నూటికి 3 మాత్రమే అయినా, రవాణా రంగం వదిలే గ్రీన్‌హౌస్ వాయువుల్లో 42 శాతం వాటివేనని కేంద్ర ప్రభుత్వమే చెబుతోంది. అది కాదనలేని లెక్కే. కానీ పొద్దున్నే స్టీరింగ్ పట్టుకునే మనిషికి ఆ మాట తన మీద మోపిన నేరంలా వినిపిస్తుంది. బండిని ఎంచుకున్నది అతను కాదు, అందులో పోసే ఇంధనాన్ని ఎంచుకున్నదీ అతను కాదు. అందుకని అతని ఒంటి కష్టంతో మాట కలుపు. యార్డు గేటు ముందు క్యూలో బండిని రెండు గజాలు కదిపి ఆపడం, మళ్లీ కదిపి ఆపడం గంటల తరబడి సాగుతుంది. కదిపిన ప్రతిసారీ ఎడమకాలు క్లచ్ తొక్కాల్సిందే. నలభై దాటిన డ్రైవర్లను ఎడమ మోకాలి సంగతి అడిగి చూడు, నువ్వు ఇంకేమీ అడగనక్కరలేదు. ఎలక్ట్రిక్ బండికి క్లచ్ తొక్కే పని లేదు, నిలబడి ఉన్నప్పుడు మోత లేదు, కాళ్ల కింద నుంచి ఇంజను సెగ రాదు. ముందు బండి వదిలే పొగనే గంటల కొద్దీ పీల్చే మనిషికి, డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చిందన్న సంగతి కూడా చెప్పు. అప్పుడు అది అతని సొంత ఆరోగ్యం గురించిన మాట అవుతుంది.

తర్వాత అతని ఆదాయం. ఇది సున్నితమైన విషయం, పదిమందిలో ఎత్తకు. చాలాచోట్ల యజమాని బండికి ఇంత మైలేజీ అని కట్టి డీజిల్ లెక్క ఇస్తాడు, జాగ్రత్తగా నడిపి మిగిల్చినది డ్రైవరుకు దక్కుతుంది. ఇంటి అద్దె, పిల్లల ఫీజు ఆ మిగులు మీదే నడిచే కుటుంబాలు నాకు తెలుసు. కరెంటు బండిలో ఎన్ని యూనిట్లు ఖర్చయ్యాయో యజమాని ఫోనులోనే కనిపిస్తుంది కాబట్టి ఆ మిగులు పోతుంది. డ్రైవర్లు ఈ బండ్లంటే ముఖం తిప్పుకోవడానికి ఒక పెద్ద కారణం ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను. అయితే ఈ మాటను వాళ్లు బయటికి అనరు, చార్జింగ్ పాయింట్లు లేవనో బ్యాటరీ పేలుతుందనో అంటారు. అందుకని ఆ మిగులు ఎంతో అంచనా కట్టి, అంత మొత్తాన్ని జీతంలోనో బత్తాలోనో కలపాలన్నదే నీ మొదటి డిమాండు కావాలి. యూనిట్లు పొదుపు చేసినందుకు ప్రోత్సాహకం కూడా అడగవచ్చు. ఈ విషయం తేలకుండా ఎన్ని సభలు పెట్టినా చప్పట్లే మిగులుతాయి.

చిన్న యజమాని దగ్గరికి కాగితం, పెన్ను తీసుకుని వెళ్లు. అంకెలు అతని నోటి వెంటే రావాలి. నిండు లోడుతో ట్రైలరు లీటరుకు మూడు కిలోమీటర్లు ఇస్తుందనుకుని, లీటరు డీజిల్ 97 రూపాయలు వేసుకుంటే, కిలోమీటరుకు 32 రూపాయలు డీజిల్‌కే పోతాయి. అంతే బరువు లాగే ఎలక్ట్రిక్ బండి కిలోమీటరుకు ఒకటిన్నర యూనిట్లు తాగి, యూనిట్ పది రూపాయలు పడినా, ఖర్చు 15 రూపాయలే. ఇక్కడ ఆగిపోయి సంబరపడవద్దు, ఎందుకంటే బండి ధర డీజిల్ లారీకి రెట్టింపు దాటుతుంది. పైన పడే భారం 50 లక్షలనుకుంటే, పది శాతం వడ్డీకి అయిదేళ్ల వాయిదాల్లో నెలకు దాదాపు లక్షా ఆరు వేలు అదనంగా కట్టాలి. ఇంధనంలో కిలోమీటరుకు 17 రూపాయలు ఆదా అవుతుంది కాబట్టి, రోజుకు వంద కిలోమీటర్లు తిరిగే బండికి నెలలో 25 రోజులకు మిగిలేది 42,500 మాత్రమే. అదే బండి రోజుకు 250 కిలోమీటర్లు తిరిగితే వాయిదా సరిపోతుంది.

అంటే ఈ బండి ఎక్కువ తిరిగితేనే గిట్టుతుంది. అచ్యుతాపురం సెజ్‌కు రానూపోనూ ఎనభై కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి, మధ్యలో లోడింగు సమయంలో చార్జింగ్ పెట్టుకుని మూడు ట్రిప్పులు కొడితే లెక్క కుదురుతుంది. గేటు దగ్గర సగం రోజు పోతుంటే మూడు ట్రిప్పులు ఎక్కడివి? గేటు దగ్గర జాప్యం తగ్గాలన్న డ్రైవరు పాత గోడు, వాయిదా కట్టలేనన్న యజమాని భయం ఇక్కడ ఒకటవుతున్నాయి. నీ ఉద్యమానికి బలం ఈ కలయికలోనే ఉంది. ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి, గేటు వేళల గురించి, బండి ఆగి ఎదురుచూసిన సమయానికి ఇవ్వాల్సిన హాల్టింగ్ చార్జీల గురించి ఓడరేవు అధికారులకు ఉమ్మడిగా అర్జీ పెట్టించు. అయితే ఒక హెచ్చరిక. ఎక్కువ తిరగాల్సిన బండిని ఒక్క డ్రైవరు చేతే పదహారు గంటలు నడిపించే ప్రమాదం ఉంది. ఎనిమిది గంటల పనిదినాన్ని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే చెప్పింది. బండికి ఇద్దరు డ్రైవర్లు, రెండు షిఫ్టులు అన్న షరతును మొదటి రోజు నుంచే గట్టిగా పెట్టు.

ప్రభుత్వ సాయం గురించి ఉన్నదే చెప్పు. ఎలక్ట్రిక్ వాహనాల కోసం కేంద్రం పెట్టిన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో లారీలకు 500 కోట్లు కేటాయించారు. బండి బరువును బట్టి గరిష్ఠంగా 9.6 లక్షల రాయితీ ధరలోనే తగ్గుతుంది. దేశం మొత్తం మీద లక్ష్యం 5,600 బండ్లే, పైగా పాత లారీని తుక్కుకు ఇచ్చిన ధ్రువపత్రం ఉండాలి. బ్యాటరీకి అయిదేళ్లు లేదా అయిదు లక్షల కిలోమీటర్ల వారంటీ తప్పనిసరి చేయడం మాత్రం యజమానికి ధైర్యమిచ్చే విషయం, దాన్ని మరవకుండా చెప్పు.

మెకానిక్కులను వదిలిపెట్టవద్దు. మా ఆటోనగర్‌లో ఇంజను విప్పే మేస్త్రీ, పంపు రిపేరు చేసే కుర్రాడు తమ పని పోతుందేమోనని భయపడటంలో తప్పు లేదు, ఇంజను పని నిజంగానే తగ్గుతుంది. బాడీ, కమాన్ పట్టీలు, బ్రేకులు, టైర్లు, ఏసీ పనులు అలాగే ఉంటాయి. హై వోల్టేజీ వైరింగు మీద చెయ్యి వేయడానికి మాత్రం శిక్షణ లేకపోతే ప్రాణానికే ముప్పు. ఆ శిక్షణ కంపెనీ షోరూమ్ సిబ్బందికే పరిమితం కాకుండా, ఐటీఐల ద్వారా షెడ్డు మేస్త్రీలకూ అందాలని అడుగు. డ్రైవరు కొత్త బండి గురించి ముందుగా అభిప్రాయం అడిగేది మేస్త్రీనే. అతను ‘బాగుంది’ అంటే నువ్వు వంద కరపత్రాలు పంచినంత పని అవుతుంది.

డ్రైవర్లను అడగకుండా తీసుకున్న నిర్ణయం ఏమవుతుందో 2024 జనవరి మొదట్లో చూశాం. హిట్ అండ్ రన్ కేసుల్లో పదేళ్ల శిక్ష పెట్టిన నిబంధనకు నిరసనగా బండ్లు ఆగిపోతే, హైదరాబాద్ పెట్రోలు బంకుల ముందు జనం బారులు తీరారు. రవాణా సంఘాలతో మాట్లాడాకే అమలు చేస్తామని చివరికి కేంద్రం చెప్పాల్సి వచ్చింది. ఎలక్ట్రిక్ లారీల విషయంలో ఆ మాట్లాడటం ముందే జరగాలి, జరిగేలా చూడటమే నీ పని.

పెద్ద సభతో మొదలుపెట్టకు. లారీలు తూచే కాటా దగ్గర, టీ బండి దగ్గర, షెడ్డులో అయిదారుగురితో కూర్చో. అందరూ నమ్మే ఒక పాత డ్రైవరుకు వారం రోజులు ఆ బండి నడిపే అవకాశం ఇమ్మని డీలరును అడుగు. దిగాక అతను చెప్పే మాటలు, మంచీ చెడూ రెండూ, నువ్వు సర్దకుండా అందరికీ విననివ్వు. నిండు లోడుతో వాల్తేరు ఎత్తుల మీద బ్యాటరీ ఎంత తగ్గిందో, ఎండలో చార్జింగ్ ఎంతసేపు పట్టిందో, ఆ సమయంలో కూర్చోవడానికి నీడ, తాగడానికి నీళ్లు ఉన్నాయో లేవో రాయించు. బ్యాటరీ బరువు వల్ల మోసే టన్నులు తగ్గితే కిరాయిలో ఎంత తేడా పడుతుందో కూడా రాయించు.

ఆ వారం లెక్క పూర్తయ్యాక కాగితాన్ని ఫొటో తీసి నాకు పంపు. అచ్యుతాపురం దారిలో టోలు, ఖాళీగా తిరిగొచ్చే ట్రిప్పులు కూడా అందులో వేయడం మరిచిపోకు.

ఇట్లు,
మీ అన్నయ్య