అన్నకు ప్లాటు అమ్మారు, చెల్లిని లోన్ తెచ్చుకోమంటున్నారు

ప్రశ్న: మాది ఖమ్మం. మావారు ప్రభుత్వ టీచరు, వచ్చే ఏడాది రిటైరవుతారు. బాబుకు 2017లో ర్యాంకు రాలేదు. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో బీ కేటగిరీ సీటు తీసుకున్నాం. డొనేషను, ఫీజులు, హాస్టలు కలిపి నాలుగేళ్ళకు 12 లక్షలైంది. 2021లో ఎం.ఎస్.కు అమెరికా పంపాం. ప్లాటు అమ్మిన 8 లక్షలు, ఇల్లు తనఖా పెట్టి తెచ్చిన 22 లక్షల లోను దానికే పోయాయి. 2023లో ఉద్యోగం వచ్చినా అక్కడ స్థిరపడాలి కదా అని నెలకు 30 వేల చొప్పున రెండేళ్ళు ఈఎంఐ మేమే కట్టాం. ఇప్పుడు వాడే కట్టుకుంటున్నాడు. పాపకు 2022లో ఎంసెట్‌లో మంచి ర్యాంకు వచ్చి, కన్వీనర్ కోటాలో యూనివర్సిటీ కాలేజీలో చేరింది. అన్నీ కలిపి 3 లక్షలు కూడా దాటలేదు. ఇప్పుడు ఫైనలియర్. జర్మనీలో మాస్టర్స్ చేస్తానంటోంది. మావారేమో 'దాని పెళ్ళికి పెట్టేదే దాని వాటా, చదువుతానంటే దాని పేరు మీద లోను తెచ్చుకోమను' అంటున్నారు. రెండు వారాలుగా పాప మాతో సరిగా మాట్లాడటం లేదు. ఇద్దరికీ సమానంగా పెట్టడం మా వల్ల కాదు. ఏది న్యాయమో చెప్పండి. బాబు ప్రయాణమప్పుడు తాకట్టు పెట్టిన నా బంగారం కూడా ఇంకా విడిపించలేదు. – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో '3 లక్షలు కూడా దాటలేదు' అన్న ముక్క దగ్గర ఆగిపోయాను. బాబుకు ర్యాంకు రాలేదు కాబట్టి ఇంజినీరింగుకు 12 లక్షలు పెట్టారు. పాపకు వచ్చింది కాబట్టి 3 లక్షలతో సరిపోయింది. మధ్యలో ఉన్న 9 లక్షలు ఆ పిల్ల రాత్రిళ్ళు మేలుకుని మీకు మిగిల్చినవి. అప్పుడు ఎవరూ ఆ లెక్క వేసి ఉండరు. సంతోషపడి నలుగురికీ స్వీట్లు పంచి ఉంటారు. ఇప్పుడు 'నీకు లోనే' అనేసరికి, బాగా చదివినందుకే తనకు తక్కువ దక్కుతోందని ఆమెకు అనిపిస్తుంది. ఆ రెండు వారాల మౌనం వెనక ఇదే ఉందని నా అనుమానం.

ముందు అంకెలు సరిచేసుకుందాం. బాబుకు 42 లక్షలయ్యాయని ఇంట్లో అందరి నోటా ఆ మాటే తిరుగుతూ ఉంటుంది. అది నిజం కాదు. ఇంజినీరింగు 12, ప్లాటు 8, మీరు కట్టిన ఈఎంఐలు 7 లక్షల 20 వేలు, వెరసి ఇల్లు భరించింది 27 లక్షల చిల్లర. మిగతా లోను బాబు కట్టుకుంటున్నాడు, ఆ మాట అతని పక్షాన చెప్పుకోవాలి. అటు 27, ఇటు 3. ఈ రెండంకెలూ పెట్టుకుని మాట్లాడుకుంటే సగం గొడవ అక్కడే చల్లారుతుంది.

ఇక సమానంగా పెట్టడం మీ వల్ల కాదన్నారు. పెట్టమని నేనూ అనను. చదువులు వేరు, దేశాలు వేరు, ఏళ్ళు వేరు. 2021లో బాబు వెళ్ళినప్పుడు డాలరు 75 రూపాయల దగ్గరుంది, ఇప్పుడు ఎక్కడుందో మీకు తెలుసు. రూపాయికి రూపాయి తూకం వేస్తే ఏ ఇంట్లోనూ లెక్క తేలదు. నేను చూసేది పద్ధతి ఒకటేనా కాదా అని. బాబు విషయంలో సీటుకు ఇల్లు పెట్టింది, పై చదువుకు ఇల్లు ఆస్తి అమ్మింది, లోనుకు ఇంటి కాగితాలు ఇచ్చింది, ఉద్యోగం వచ్చాక కూడా కొన్నాళ్ళు ఇల్లే కాసింది. పాప దగ్గరికొచ్చేసరికి నీ చదువు నీ అప్పు అంటున్నారు. ఒకే తల్లిదండ్రులకు రెండు పద్ధతులు ఎలా వచ్చాయన్నదే ఆ అమ్మాయి ప్రశ్న. దానికి మాస్టారుగారి దగ్గర జవాబు ఉండాలి.

పైగా 'లోను తెచ్చుకోమను' అన్నంత తేలికగా లోను రాదు. బ్యాంకుల విద్యారుణాల్లో మామూలుగా 4 లక్షల వరకు హామీ అడగరు. ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి చూపించమంటారు. మీ ఇంటి కాగితాలు ఇప్పటికే బాబు లోను కింద బ్యాంకు బీరువాలో ఉన్నాయి. తోడుగా సంతకం పెట్టాల్సిన తండ్రికి జీతం ఇంకో ఏడాదే. అంటే పెద్దవాడు వెళ్ళేటప్పుడు ఇంటికి ఉన్న పరపతి చిన్నదాని వంతు వచ్చేసరికి ఖర్చయిపోయింది. ఇందులో ఎవరి తప్పూ లేదు, కానీ రెండో బిడ్డగా పుట్టినందుకు పడే ఈ భారం ఏ లెక్కలోనూ ఎక్కదు. తనఖా లేకుండా ఇచ్చే ప్రైవేటు ఫైనాన్సు సంస్థలున్నాయి గానీ వడ్డీ బాగా గుంజుతాయి. 2024 నవంబరులో వచ్చిన ప్రధానమంత్రి విద్యాలక్ష్మి పథకంలో హామీ లేకుండా లోను ఇస్తారని ఎవరైనా చెప్పొచ్చు. అది మన దేశంలో ఎంపిక చేసిన సంస్థల్లో చదివేవారికే, జర్మనీకి పనికిరాదు.

పెళ్ళి మాట. నా దగ్గరికొచ్చే తండ్రుల్లో చాలామంది మంచివాళ్ళే, కూతురంటే ప్రాణం పెట్టేవాళ్ళే, ఈ మాట అంటారు. బాబు పెళ్ళికి మీరు ఖర్చు పెట్టరా? పెడతారు. అది అతని చదువు వాటాలోంచి కోస్తారా? కోయరు. మరి పాపకు ఎందుకు? పసుపు కుంకుమ కింద ఇచ్చే పొలమో బంగారమో ఆమె పేరున, ఆమె చేతిలో ఉంటే అది వేరే సంగతి. కట్నంగా పోయేది ఆమె వాటా ఎలా అవుతుంది? అది వెళ్ళేది ఇంకొకరింటికి. ఇవ్వడం కూడా 1961 చట్టం ప్రకారం నేరమే. ఇక వాటా అన్న మాట తెచ్చారు కాబట్టి చెబుతున్నాను: పిత్రార్జితంలో ఆడపిల్లకు మగపిల్లాడితో సమాన హక్కు ఉంది. ఎన్టీ రామారావు ప్రభుత్వ కాలంలో మన ఉమ్మడి రాష్ట్రం పెళ్ళికాని కూతుళ్ళకు ఆ హక్కు ఇచ్చింది, 2005లో దేశమంతటికీ వచ్చింది. మాస్టారు సొంత జీతంతో కొన్నది ఆయన ఇష్టం, అందులో చట్టం వేలు పెట్టదు. కానీ పెళ్ళి ఖర్చు చూపించి చదువును కొట్టెయ్యడానికి చట్టంలోనూ చోటు లేదు, నా మనసులోనూ లేదు.

ఇంత గట్టిగా ఎందుకంటున్నానో చెప్పాలి. నా పీజీ ఫీజు కోసం మా నాన్న అక్క గాజులు తాకట్టు పెట్టారు. నాలుగు గాజులు, ఒకదానికి లోపలివైపు చిన్న సొట్ట. గోదాం తాళాలు తీస్తూ తలుపుకు కొట్టుకున్న సొట్ట అది. అక్క అప్పటికి డిగ్రీ ఆపేసి ఒక విత్తనాల కొట్లో లెక్కలు రాసేది. ఆ గాజులు తిరిగి రాలేదు, అక్క అడగలేదు. పాతికేళ్ళ తర్వాత తన కూతురి కౌన్సెలింగుకు నాతో వచ్చినప్పుడు, ఆప్షన్లు పెట్టడం అయ్యాక, 'నాకు గాజులు పోయినందుకు బాధ లేదురా. ఇస్తావా అని ఎవరూ నన్ను అడగలేదు, అదే' అంది. నేను ఏం చెప్పాలో తెలియక కంప్యూటరు కేసి చూస్తూ కూర్చున్నాను. మీ పాపను ఆ వయసుదాకా ఆగనివ్వకండి.

ఇప్పుడు జర్మనీ ఖర్చు. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలా చోట్ల ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టరుకు కొద్ది మొత్తం కడితే చాలు. బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం మనలాంటి దేశాలవాళ్ళకు సెమిస్టరుకు 1,500 యూరోలు ఉంది. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 నుంచి ఫీజు వసూలు చేస్తోంది. ఫీజు లేకపోయినా వీసాకు బ్లాక్డ్ అకౌంటులో ఏడాది ఖర్చులు చూపాలి. 2024 సెప్టెంబరు నుంచి అది 11,904 యూరోలు. యూరో 100 రూపాయలనుకున్నా 12 లక్షలు. పంపే రోజు రేటు, మొత్తం రెండూ చూసుకోండి. ఆ డబ్బు ఎక్కడికీ పోదు. నెలకు 992 యూరోల చొప్పున పాప చేతికే తిరిగి వస్తుంది, తిండికీ గదికీ. మన చదువు కాగితాలు అసలైనవేనని తనిఖీ చేసి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్టుకు 18 వేలు, వీసా, టికెట్టు, ఇన్సూరెన్సు అన్నీ కలిపి ఇంకో రెండు లక్షలు పక్కన పెట్టుకోండి. మొత్తం 14 లక్షలు. రెండో ఏడాదికి పార్ట్‌టైమ్ ఉంది, ఏడాదికి 140 పూర్తి రోజులు పనిచేయనిస్తారు. పని దొరకడం మాత్రం భాష మీదే ఆధారపడుతుంది, అందుకే జర్మన్ ఇవాళే మొదలుపెట్టమనండి. ఇంకొక్క జాగ్రత్త: ఏజెంట్లు కొందరు ప్రైవేటు యూనివర్సిటీలు అంటగడతారు, అక్కడ ఫీజు వేల యూరోల్లో ఉంటుంది. అలాంటిది ఒప్పుకుంటే ఈ లెక్కంతా తలకిందులవుతుంది.

చూశారా, ఆ 14 లక్షలూ ఇల్లే ఇచ్చినా పాప లెక్క 17 దగ్గర ఆగుతుంది. బాబుది 27. మీరు భయపడినంత పెద్ద కొండేం కాదిది.

నేనైతే ఇలా సర్దుతాను. మీరు కట్టిన ఈఎంఐలు, ఆ 7 లక్షల 20 వేలు, బాబును తిరిగి ఇమ్మనండి. ఉద్యోగం వచ్చాక అతని అప్పు మీరు కట్టారు కాబట్టి అది అడగడానికి మొహమాటం అక్కర్లేదు. ఒకేసారి కాకపోతే పాప ప్రయాణంలోపు మూడు నాలుగు విడతలుగా. అడిగే ముందు అతని పరిస్థితి కూడా కనుక్కోండి. 2023లో చదువైపోయినవాడికి చదువయ్యాక అక్కడ పనిచేయనిచ్చే స్టెమ్ ఓపీటీ అనుమతి మూడేళ్ళూ కలిపినా 2026తో అయిపోతుంది. ఆ పైన ఉండటానికి కావలసిన ఉద్యోగ వీసా, హెచ్1బి, లాటరీలో తగిలిందో లేదో, ఆ దిగులు మీతో చెప్పి ఉండకపోవచ్చు. తగలకపోతే 7 లక్షలకు బదులు 4 ఇస్తాడు, అది కూడా న్యాయమే. పాప పేరున హామీ అడగని 4 లక్షల లోను తీసుకోండి. అన్న మోస్తున్నట్టే ఆమె కూడా కొంత మోస్తుంది, కోర్సు కాలం, ఆ పైన ఇంకో ఏడాది వాయిదా ఉండదు. మిగిలిన దాదాపు మూడు లక్షలు ఇల్లు పెట్టాలి. రిటైర్మెంటు డబ్బు మొత్తం ఇందులో పోయకండి. రేపు మందులకు ఇద్దరు పిల్లల ముందూ చెయ్యి చాచే పరిస్థితి వాళ్ళిద్దరికీ అన్యాయమే.

ఒక్కటి మాత్రం పట్టుబట్టి చెబుతాను. బాబు పంపే డబ్బు చెల్లి అకౌంటుకు నేరుగా వెళ్ళొద్దు. మాస్టారి అకౌంటుకు రావాలి, ఆయన చేతుల మీదుగా పాపకు వెళ్ళాలి. అన్న చదివించాడు అన్న మాట ఒకసారి పుడితే ఆ అమ్మాయి పెళ్ళిలో, ఆస్తి పంపకంలో, పండక్కి పుట్టింటికొచ్చిన ప్రతిసారీ అది వినపడుతూనే ఉంటుంది. అతనికి కూడా అది మంచిది కాదు, చెల్లెలి మీద అక్కర్లేని అధికారం వస్తుంది.

ఈ ఆదివారం బాబును వీడియో కాల్‌లోకి పిలవండి. పాప గదిలో కాకుండా మీ పక్కనే కూర్చోవాలి. అంకెలు మాస్టారే తన చేత్తో కాగితం మీద రాయాలి. విడ్డూరంగా ఉంటుంది గానీ, బోర్డు మీద ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషికి కళ్ళెదుట 27, 3 కనపడితే వాదన అక్కర్లేదు. పాపను ముందు మాట్లాడనివ్వండి. కోర్సులు ఏవి చూసిందో, ఎందుకో చెప్పనివ్వండి. ఆమె చెప్పేది విన్నాక జర్మనీ సరైందా కాదా అని మీకు సందేహం వస్తే మళ్ళీ రాయండి, అప్పుడు ఆ కోర్సుల గురించే మాట్లాడుకుందాం.

మీ బంగారం సంగతి చివర్లో ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఆ కాగితం మీద బాబు ఖర్చు కింద అది కూడా రాయించండి, ఎన్ని కాసులో కూడా. తాకట్టు రశీదు ఎక్కడుందో రేపే వెతకండి. 2021 నాటిది కదా, గడువు ఎప్పుడో దాటి ఉంటుంది. వడ్డీ కట్టి తిరగరాయించారా, వేలానికి నోటీసు ఏమైనా వచ్చిందా అన్నది బ్యాంకుకు వెళ్ళి మీరే అడగండి.