ఈడేరే భయమా, ఈడేరడమంటే భయమా?

సందేహం: మా పర్లాకిమిడిలో కాలేజీ పిల్లలకు ‘జింజర్ స్నాప్స్’ (2000) అనే కెనడా హారర్ సినిమాను తెలుగు సబ్‌టైటిళ్లతో చూపించబోతున్నాం. అందులో ఎప్పటికీ విడిపోమని ఒట్టు పెట్టుకున్న ఇద్దరు అక్కచెల్లెళ్లుంటారు. అక్క తొలిసారి ముట్టయిన రాత్రే ఒక మృగం కరుస్తుంది. అక్కణ్ణించి రోజురోజుకీ తోడేలుగా మారిపోతుంది. పరిచయంలో ‘టీనేజర్ల ఎదుగుదల భయం’ అని రాశాం. మా మామయ్యగారు అది దుష్టసమాసం అంటున్నారు, ‘ఈడేరే భయం’ అని మార్చమంటున్నారు. తెలుగు మేస్టారు ‘కౌమార భీతి’ అన్నారు. ఏది సరి? అందులో మందుగా వాడే మంక్స్‌హుడ్ మొక్కను తెలుగులో ఏమనాలి?
– ఒక పాఠకురాలు, గజపతి జిల్లా

సమాధానం: అమ్మా, ‘ఎదుగుదల భయం’ దుష్టసమాసం కాదు. తెలుగు మాట, సంస్కృత మాట కలిస్తే మిశ్రసమాసమని చిన్నయసూరే ఒప్పుకున్నాడు. ‘పులిభయం’, ‘దొంగలభయం’ ఎలాంటివో ఇదీ అలాంటిదే. దోషం లేదు, జీవమూ లేదు.

మామయ్యగారి ‘ఈడేరే భయం’లో ఒక చిక్కుంది. ‘పడిపోయే ప్రమాదం’ అంటే ఎవరూ తికమకపడరు, ప్రమాదం తనంతట తాను పడిపోదు గనక. భయం అలా కాదు. అది ఎదుగుతుంది, ముదురుతుంది. అందుకని ‘ఎదిగే భయం’, ‘ఈడేరే భయం’ అన్నప్పుడు చదివేవాడికి ముందు తట్టేది ఎదుగుతున్న భయమే. ‘ఈడేరడమంటే భయం’ అని విడగొట్టి చెబితే ఆ ఇబ్బంది ఉండదు. అయినా మామయ్యగారు పట్టుకొచ్చిన మాట మాత్రం బంగారం. దాని సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

ఈడేరడమంటే ఆడపిల్ల పెద్దమనిషి కావడమని మాత్రమే ఈనాటివాళ్లకు తెలుసు. పాత తెలుగులో కోరిక ఈడేరుతుంది, పని ఈడేరుతుంది, పట్టిన పంతం ఈడేరుతుంది. నెరవేరడమన్నమాట. ఈడు అంటే వయసే కాదు, సాటి కూడా. ‘ఈడూ జోడూ’, ‘నా ఈడువాడు’, ‘దానికి ఇది ఈడు కాదు’ అన్నచోట్లంతా సరితూగడమనే భావమే ఉంది. ఇక ఏరడం. ఇది గింజల్లోంచి రాళ్లు ఏరే ఏరడం కాదు. తమిళంలో ‘ఏఱు’ అంటే ఎక్కడం, ఇవాళ్టికీ బస్సు ఎక్కడానికి అదే మాట. మన ‘నెరవేరు’కి వాళ్ల దగ్గర ‘నిఱైవేఱు’ ఉంది, ‘ఈడేరు’కి ‘ఈడేఱు’ ఉంది. అక్కడ ఈడేఱడమంటే కడతేరడం, ఉద్ధారం కావడం. కాబట్టి ఈడేరిన పిల్ల అంటే తన కొలతకు తాను ఎక్కివచ్చిన పిల్ల. ఆ మాటలో జడుపు ఇసుమంతైనా లేదు.

‘పెద్దమనిషి అయింది’, ‘పుష్పవతి అయింది’, ‘సమర్తాడింది’ అన్నా అంతే, అన్నీ శుభవార్త చెప్పే మాటలే. మీ జిల్లాలో ఒడియావాళ్లు జూన్ నడుమ చేసుకునే రజ పండుగ చూడండి. రజస్వల అన్న మాటలోని రజస్సే ఆ పేరులోనూ ఉంది. భూమి ముట్టయిందని ఆ మూడు రోజులూ నాగలి కట్టరు, ఆడపిల్లలు కొత్తబట్టలు కట్టి ఉయ్యాలలూగుతారు. మీ సినిమాలో అక్కకు అలాంటి ఉయ్యాల లేదు. ఒంట్లో వచ్చిన మార్పు, మృగం కాటు కలగలిసిపోయి ఏది దేనివల్లో ఆమెకే తెలియదు. మన మాటల్లో లేని ఆ భయాన్ని తెలుగులో వేరే మాట పెట్టి చెప్పాలే తప్ప ఈడేరడం మీదే మోపకూడదు.

మేస్టారి ‘కౌమార భీతి’ నాకు రుచించదు. టీనేజికి కౌమారమని పాఠ్యపుస్తకాలు స్థిరపరిచేశాయి గానీ, పాత లెక్కలో కౌమారం ఐదేళ్లతో సరి. పదివరకు పౌగండం, పదిహేనువరకు కైశోరం, ఆపైన యౌవనం. భాగవతంలో అఘాసురుణ్ణి కృష్ణుడు చంపింది కౌమారంలో. ఏడాది తరువాత, పౌగండంలో అడుగుపెట్టాక, గోపబాలురు ఆ సంగతి ఇళ్లలో చెప్పారు. మీ చుట్టూ ఒడియాలో వినిపించే ‘కిశోర’ ఈ లెక్కకు మనకంటే దగ్గరగా ఉంది. అయితే గీతలో ‘కౌమారం యౌవనం జరా’ అని మూడే దశలు చెప్పారు కాబట్టి, అక్కడ యౌవనానికి ముందుదంతా కౌమారమే. అందుకే మేస్టారిది తప్పని కొట్టెయ్యలేను.

అసలు పదమూడు నుంచి పంతొమ్మిది దాకా అంకెల తోక పట్టుకుని ఒక వయసును కట్టగట్టడం ఇంగ్లీషు అలవాటు. తెలుగు వయసును గుర్తులతో చెబుతుంది. కాశీఖండంలో శ్రీనాథుడు తన జీవితాన్ని తానే లెక్కగట్టిన పద్యం ఉంది. ‘చిన్నారి పొన్నారి చిఱుత కూకటినాడు’ మరుత్తరాట్చరిత్ర రాశాడట. ‘నూనూగు మీసాల నూత్న యౌవనమున’ శాలివాహన సప్తశతి చెప్పాడు. నిండుజవ్వనంలో నైషధం, ప్రౌఢవయసులో భీమేశ్వరుడి మహిమ. ఎక్కడా ఒక్క అంకె లేదు. నెత్తిమీది కూకటి పోయి పెదవిమీద నూగు వచ్చిందంటే వయసు మారిందన్నమాటే! నూగు అనకుండా ‘నూనూగు’ అనడంలో ఎంత చూపుందో గమనించండి. చేత్తో తడిమితే తెలియాలి గానీ కంటికి సరిగా ఆనదు. మగపిల్లలకు నూనూగు మీసాల వయసు, ఆడపిల్లలకు ఓణీల వయసు అని నిన్నమొన్నటిదాకా అన్నాం. ఇప్పుడు పిల్లవాడి పెదవి చూసి తెలిసే సంగతికీ ‘టీనేజ్ స్టేజ్’ అంటున్నాం. ఈ దరిద్రం మనకెందుకు? అన్నట్టు, అక్క గాయాలమీద వెంట్రుకలు మొలిచే చోట ‘నూగు’ అని రాయకండి. అది బిరుసు రోమం.

పరిచయ వాక్యానికి ‘ఎదగాలంటే జడుపు’ అనండి. పిల్లలు జడుసుకోవడం మీ ప్రాంతపు వాడుకే కదా. గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊరిది, 1936లో ఒరిస్సాలో కలిసినంత మాత్రాన ఆ పలుకు ఎక్కడికీ పోలేదు. ‘ఈడేరడమంటే భయం’ కూడా బాగుంటుంది, కాకపోతే అది అక్కకే సరిపోతుంది. చెల్లెలిది అక్క తనను దాటిపోతుందన్న బెంగ. రెండు భయాలూ ఒకే మాటలో ఇమడాలంటే జడుపే మేలు. మీ పిల్లలకు ఏది నోట పలుకుతుందో చూసుకుని ఖాయం చేయండి.

హారర్‌కు భయానకమనే అనండి. నెత్తురు చూసి ఒళ్లు జలదరిస్తే బీభత్సం, దానికి మూలమైన భావం జుగుప్స, అంటే ఏవగింపు, భయం కాదు. ‘భయబ్రాంతులు’ అని మాత్రం రాయొద్దు. భ్రాంతికి ఒత్తుంది, టీవీ అడుగు పట్టీల్లో రోజూ ఊడిపోతోంది.

మంక్స్‌హుడ్ జాతి మొక్కకు మన వైద్యుల మాట వసనాభి, సంస్కృతంలో వత్సనాభి. అది విషం కూడాను. సినిమాలో దాన్ని సూదిమందుగా ఎక్కిస్తారు కాబట్టి, అక్కడ ‘మూలిక’ అని మెత్తగా రాయకుండా వసనాభి అనే రాయండి.