చార్లెస్ ల్యాంబ్ గురించి అడిగారు, మేరీ ల్యాంబ్ గురించి కూడా చెప్తాను

"డిగ్రీలో చార్లెస్ ల్యాంబ్ పాఠం చదివాను, ఏమీ ఎక్కలేదు. రెండొందల ఏళ్ల కిందటి ఇంగ్లీషాయన కబుర్లు ఇప్పుడు మనమెందుకు చదవాలి? ఆయన జీవితంలో అంత చెప్పుకోదగ్గది ఏముంది?" అని మీ ప్రశ్న.

నాకు అరవై రెండేళ్లు. మాది ఖమ్మం. ముప్పై ఏళ్లకు పైగా ఒక ఆఫీసులో అకౌంట్స్ సెక్షన్‌లో గుమాస్తాగా పనిచేశాను. మా అక్క నాతోనే ఉంటుంది. ఆమెకు మానసిక జబ్బు ఉంది, ఇప్పటికి దాదాపు నలభై ఏళ్లుగా. ఈ రెండు సంగతులూ చెప్పకుండా ఇంగ్లీషు వ్యాసకర్త ల్యాంబ్ గురించి గానీ, ఆయన అక్క మేరీ గురించి గానీ నేను మాట్లాడలేను.

నేనూ మీలాగే డిగ్రీలోనే చదివాను, ల్యాంబ్ రాసిన 'డ్రీమ్ చిల్డ్రన్' అనే పాఠం. ఒకాయన తన పిల్లలిద్దరికీ వాళ్ల ముత్తవ్వ ఫీల్డ్ గురించీ, ఆవిడ ఉన్న పెద్ద ఇంటి గురించీ, పోయిన తన అన్న గురించీ కథలు చెప్తుంటాడు. చివరకొచ్చేసరికి పిల్లలు మసకబారిపోతారు. వాళ్లు లేరు, ఎప్పుడూ లేరు, అదంతా కల. పెళ్లే కాని మనిషి కుర్చీలో కునుకు తీసి లేస్తాడు. మా గైడులో "హాస్యం, కరుణ రసం కలగలిసిన శైలి" అని ఒక వాక్యం ఉండేది. అదే పరీక్షలో రాశాను, మార్కులూ వచ్చాయి. ఆయన కళ్లు తెరిచేసరికి పక్కన బ్రిడ్జెట్ అనే ఆవిడ కూర్చుని ఉంటుంది. ఆ బ్రిడ్జెట్ ఎవరని క్లాసులో ఎవరూ అడగలేదు, గైడూ చెప్పలేదు. గైడుల మీద నాకు ఈ కోపం ఇప్పటికీ పోలేదు. మొత్తం పాఠానికి ప్రాణం ఆ మనిషే అయితే, ఆ మనిషినే వదిలేసి శైలి గురించి రాస్తారా?

1998లో జనవరి నెల. అక్క మూడు రాత్రులుగా నిద్రపోలేదు. తెల్లవారుజామున మూడింటికి వంటింట్లో చప్పుడైతే వెళ్లి చూశాను. తోమిన గిన్నెలే మళ్లీ తోముతోంది, చేతులు నానిపోయి తెల్లగా అయ్యాయి. నన్ను చూసి, "తమ్ముడూ, పోదామా? ఇంక ఆగితే నా వల్ల కాదు" అంది. తన జబ్బు వస్తోందని తనకే ముందు తెలుస్తుంది. సంచి తనే సర్దుకుంది. రెండు చీరలు, దువ్వెన, జండూబామ్ సీసా, పాత మందుల చీటీలు మడత పెట్టిన ప్లాస్టిక్ కవరు. పొద్దున హైదరాబాద్‌కు మొదటి బస్సెక్కాం. దారి పొడుగునా నా మణికట్టు పట్టుకునే ఉంది. సూర్యాపేటలో బస్సు ఆగితే టీ తెచ్చాను. గ్లాసు చేతికిస్తుంటే, "రాత్రి నిన్నేమన్నా అన్నానా?" అని అడిగింది. "ఏమీ అనలేదక్కా" అన్నాను. నిజానికి చాలానే అంది. ఇద్దరం ఏడ్చాం. ముందు సీట్లో పెద్దాయన వెనక్కి తిరిగి చూసి, మళ్లీ తల తిప్పుకున్నాడు.

శనివారం ఆసుపత్రిలో చేర్చి, ఆ రాత్రి లాడ్జిలో ఉన్నాను. తెల్లారితే ఆదివారం. ఏం చేయాలో తోచక ఆబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య తిరుగుతుంటే ల్యాంబ్ పుస్తకం 'ఎలియా వ్యాసాలు' కనిపించింది. అట్ట ఊడిపోయింది, పదిహేను రూపాయలకు ఇచ్చాడు. ముందుమాటలో ఆయన జీవితం ఉంది. అక్కడే మెట్ల మీద కూర్చుని చదివాను.

ల్యాంబ్ 1775లో లండన్‌లో, లాయర్లు ఉండే ఇన్నర్ టెంపుల్‌లో పుట్టాడు. తండ్రి ఒక లాయరు దగ్గర గుమాస్తా. క్రైస్ట్స్ హాస్పిటల్ స్కూల్లో చదివాడు, కవి కోల్‌రిడ్జ్ అక్కడే స్నేహితుడయ్యాడు. నత్తి ఉండటంతో యూనివర్సిటీ చదువు అందలేదు. పదిహేడేళ్లకే, 1792లో, ఈస్టిండియా కంపెనీ ఆఫీసులో గుమాస్తాగా చేరాడు. 1795-96 చలికాలంలో ఆయనే ఆరు వారాలు మానసిక చికిత్సాలయంలో ఉన్నాడు. 1796 సెప్టెంబర్ 22న అసలు ఘోరం జరిగింది. అక్క మేరీ ఆయన కంటే పదేళ్లు పెద్ద. ఇంట్లో కుట్టుపని చేస్తూ, మంచాన పడ్డ తల్లిని చూసుకుంటూ నలిగిపోయి ఉంది. ఆ రోజు మతి తప్పి, భోజనాల బల్ల మీది కత్తితో తల్లిని పొడిచేసింది. తండ్రికీ గాయమైంది. చార్లెస్ వచ్చేసరికి చేయగలిగింది ఆమె చేతిలోంచి కత్తి లాక్కోవడం ఒక్కటే. ఆయనకప్పుడు ఇరవై ఒక్కేళ్లు.

విచారణలో అది మతిస్థిమితం లేక జరిగిందని తేల్చారు. అన్నగారు జాన్, ఆమెను ఆసుపత్రిలోనే శాశ్వతంగా ఉంచేయమన్నాడు. చార్లెస్ ఒప్పుకోలేదు. బతికినంత కాలం తానే చూసుకుంటానని పూచీ పడ్డాడు. తండ్రి 1799లో పోయాక అక్కను ఇంటికి తెచ్చుకున్నాడు. అక్కడి నుంచి చనిపోయేదాకా, ముప్పై అయిదేళ్లు, ఆ మాట నిలబెట్టుకున్నాడు. విషయం చుట్టుపక్కల పొక్కితే ఇల్లు మారాల్సి వచ్చేది. మాకూ రెండుసార్లు జరిగింది. "మీ అక్కగారికి కాస్త బాగుండదట కదా" అని ఇంటాయన మెల్లగా మొదలుపెట్టగానే నాకు అర్థమైపోయేది, సామాన్లు కట్టుకోవాలని.

ఆ మెట్ల మీద నేను చదువుతూ చదువుతూ ఆగిపోయిన చోటు ఒకటుంది. మేరీకి జబ్బు తిరగబెడుతోందని ముందే తెలిసేది. అప్పుడు అక్కాతమ్ముళ్లిద్దరూ నడిచి ఆసుపత్రికి వెళ్లేవాళ్లు. చార్లెస్ లాయిడ్ అనే స్నేహితుడు ఒకసారి వాళ్లను హాక్స్‌టన్ పొలాల కాలిబాటలో చూశాడు. ఇద్దరూ ఏడుస్తూ నెమ్మదిగా నడుస్తున్నారట. ఊరు ప్రయాణమైతే, అవసరానికి చేతులు కదలకుండా కట్టే కోటు పెట్టెలో ఉండేది. దాన్ని మేరీయే జాగ్రత్తగా సర్దేదట. మా అక్క సర్దిన సంచి ముందురోజే చూశాను కదా. పుస్తకం మూసేసి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

అందుకే ఎవరైనా కోపంలో "వీణ్ణి ఎర్రగడ్డలో చేర్పించాలి" అంటే నాకు ఒళ్లు మండుతుంది. సినిమాల్లో కూడా అదొక జోకు. గేటు దాకా చేయి పట్టుకుని నడిపించినవాడు ఎవడూ ఆ మాట అనడు.

ఇంకొక సంగతి. ల్యాంబ్‌ని అందరూ "సౌమ్యుడు, మృదుస్వభావి" అంటారు. మొదలుపెట్టింది కోల్‌రిడ్జే, ఒక కవితలో అలా పిలిచాడు. దానికి 1800లో ల్యాంబ్ ఉత్తరం రాశాడు, దయచేసి అచ్చులో నన్ను అలా పిలిచి నవ్వులపాలు చేయకు అని. ఆ కోపం నాకు బాగా తెలుసు. "మీరు చాలా ఓపికమంతులండీ, దేవుడు మీకు ఆ సహనం ఇచ్చాడు" అని నాతో చుట్టాలు ఎన్నిసార్లు అన్నారో! సహనం ఎవరూ ఇవ్వలేదు. రాత్రి రెండింటికి లేచి, పొద్దున పదింటికి ఆఫీసులో లెడ్జర్ ముందు కూర్చోవడం అది. ల్యాంబ్‌కి తాగుడు ఉండేది, విసుగూ ఉండేది. దేవుణ్ణి చేసి గూట్లో పెడితే ఆయన చేసిన కష్టం కనిపించకుండా పోతుంది.

రాసినదాంట్లో చాలా భాగం ఆ ఉద్యోగం చేస్తూనే రాసిందే. 1807లో వచ్చిన 'టేల్స్ ఫ్రమ్ షేక్‌స్పియర్' మనలో చాలామంది చిన్నప్పుడు ఏదో రూపంలో చదివే ఉంటారు. అందులో ఇరవై కథలుంటే పద్నాలుగు మేరీవి. విషాదాంత నాటకాల కథలు ఆరూ చార్లెస్ రాశాడు. పుస్తకం మీద మాత్రం చార్లెస్ పేరు ఒక్కటే వేశారు. ఇది అన్యాయం. ఇప్పుడు కొనేటప్పుడు రెండు పేర్లూ ఉన్న ప్రతి చూసి కొనండి. జబ్బు మనిషి అనగానే చేతకాని మనిషి అనుకుంటారు. మా అక్క బాగున్న రోజుల్లో మా వీధి పిల్లలకు లెక్కలు చెప్పేది, వాళ్లలో ఇద్దరు ఇంజనీర్లయ్యారు.

'ఎలియా' పేరుతో వ్యాసాలు 1820లో లండన్ మ్యాగజీన్‌లో మొదలయ్యాయి, 1823లో పుస్తకమయ్యాయి. వాటిలో మేరీ ఆయనకు కజిన్, పేరు బ్రిడ్జెట్. ఆ ఇంట్లో జరిగిన సంగతి దగ్గరివాళ్లకు తప్ప పాఠకులకు తెలియదు. మేరీ 1847లో పోయాక, మరుసటి ఏడు టాల్ఫోర్డ్ అనే స్నేహితుడు పుస్తకంలో బయటపెట్టాడు. అంటే మొదటి పాఠకులు 'డ్రీమ్ చిల్డ్రన్' చదివి పక్కనున్న బ్రిడ్జెట్ ఎవరో తెలియకుండానే కళ్లు తుడుచుకున్నారు. మనకు తెలుసు. తెలిసి చదివితే ఆ చివరి వాక్యం వేరేగా వినిపిస్తుంది. పెళ్లి, పిల్లలు కలలోనే మిగిలిపోయారు, పక్కన మాత్రం అక్క ఉంది. ఆ అక్కే లేకపోతే ఎలియా లేడని నా గట్టి నమ్మకం. పండితులు ఏమన్నా సరే.

మీరు మళ్లీ మొదలుపెడితే దానితో కాకుండా 'ఓల్డ్ చైనా'తో మొదలుపెట్టండి. అందులో బ్రిడ్జెట్ బీదరికపు రోజులు తలుచుకుంటుంది. కొత్త సూటు కొనకుండా చిరుగుల గోధుమరంగు సూటునే ఇంకొన్ని వారాలు ఈడ్చి, పదిహేనో పదహారో షిల్లింగులు పెట్టి పెద్ద పాత పుస్తకం కొంటాడు ఆయన. శనివారం రాత్రి పది దగ్గర పడుతుంటే గాని కొనాలని నిర్ణయించుకోరు. షాపు మూసేస్తారేమోనని టెన్షన్‌తో పరిగెత్తి, అంత బరువునూ ఇంటికి మోసుకొస్తాడు. ఊడిన కాగితాలు తెల్లారేదాకా ఆగడానికి ఆయనకు ఓపిక లేకపోతే, ఆ రాత్రే ఆమె జిగురు పెట్టి అంటిస్తుంది.

ఈ వ్యాసాన్ని ఒకరోజు అక్కకు తెలుగులో చెప్పాను. అప్పటికి ఆమె ఇంటికొచ్చి రెండు నెలలైంది. విని, లేచి, గిన్నెలో మైదా ఉడికించి జిగురు చేసింది. నా ఆబిడ్స్ పుస్తకానికి అట్ట అంటించి, పైన రోలు పొత్రం పెట్టింది. అది ఇప్పటికీ గట్టిగానే ఉంది.

ల్యాంబ్ 1825 మార్చిలో రిటైరయ్యాడు, ముప్పై మూడేళ్ల ఉద్యోగం తర్వాత. తన అసలు రచనలు ఆఫీసు అరల్లోని లెడ్జర్లేనని చెప్పుకున్న మనిషి. ఏడాదికి 450 పౌండ్ల పెన్షన్, అందులో 9 పౌండ్లు తన తర్వాత అక్కకు జరుగుబాటు కోసం కోయించుకున్నాడు, చేతికొచ్చింది 441. ఫ్యామిలీ పెన్షన్ కాగితాల్లో మా అక్క పేరు ఎక్కించడానికి నేను ఎన్ని కౌంటర్లు తిరిగానో, ఎన్ని సర్టిఫికెట్లు జిరాక్స్ తీయించానో నాకే తెలుసు. "అక్కకి ఎందుకండీ, భార్యాపిల్లలు లేరా?" అని ప్రతి కౌంటర్లోనూ అడిగారు. ఆ తొమ్మిది పౌండ్ల విలువ నాకు ఏ సాహిత్య చరిత్రా నేర్పనక్కర్లేదు.

1834 డిసెంబర్ 27న, దారిలో పడి తగిలిన చిన్న గాయం ముదిరి ల్యాంబ్ ఎడ్మంటన్‌లో చనిపోయాడు. మేరీ ఇంకో పన్నెండేళ్లకు పైగా బతికింది. ఇద్దరిదీ ఒకే సమాధి. ఇది చెప్పినప్పుడు అక్క, "తమ్ముడు పోయాక ఆమెకు తిండీ మందులూ ఎట్లా మరి?" అని అడిగింది. నేను ఆ తొమ్మిది పౌండ్ల సంగతి చెప్పాను.

"లెక్కలు రాసేవాడు గదా, ఆ మాత్రం చూసుకోడా" అంది.