మావాడు నెట్‌వర్క్ డ్రైవర్లు అంటున్నాడు, ఏఐ కోర్సుకి మార్చమంటారా?

ప్రశ్న: మా బాబు ఈసీఈ మూడో సంవత్సరం. అందరి పిల్లలూ ఏఐ అంటుంటే వీడేమో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో నెట్‌వర్క్ కార్డుకి డ్రైవర్ రాస్తున్నా అంటాడు, అంటే ఆ కార్డుని కంప్యూటర్‌తో పనిచేయించే ప్రోగ్రామట. మూడు వారాలుగా ఒకటే గోల, కార్డుకి కేబుల్ గుచ్చే పోర్ట్‌ని క్లోజ్ చేసి తీసేస్తే మెమరీ వదలట్లేదట. మా తోడల్లుడి కొడుకు లక్ష కట్టి ఏఐ కోర్సులో చేరాడు. మావాడు డ్రైవర్ పని చేస్తున్నాడని చెప్పుకోవాలంటే నాకే ఇబ్బందిగా ఉంది. రెండూ పోల్చి చెప్పండి, ఇది మాన్పించమంటారా? (టెంట్ హౌస్ నడుపుతున్న ఒక తండ్రి, తెనాలి)

జవాబు: మాన్పించకండి సార్. ఇలాంటి ప్రశ్న నాకు వారానికొకటి వస్తుంది, కోర్సు పేరొక్కటే మారుద్ది, అప్పట్లో జావా, తర్వాత డేటా సైన్స్, ఇప్పుడు ఏఐ. మీ భయం కోర్సు గురించి కాదని నాకు తెలుసు, తోడల్లుడి కొడుకు ముందెళ్లిపోయి మీవాడు వెనకబడిపోతాడేమో అని, అంతే కదా? వెనకబడట్లేదు. మూడు వారాలు ఒకే తప్పు మీద కూర్చునే పిల్లలు నాకు చాలా తక్కువమంది కనపడతారు.

వాడు చేసే పని మీకు నాకన్నా బాగా అర్థమవుద్ది. పెళ్లయ్యాక షామియానా విప్పేటప్పుడు ముందు జనం వెళ్లిపోయారా లేదా చూస్తారు, కుర్చీలు లెక్కపెట్టి ఎత్తిస్తారు, లైట్లు దించుతారు, గుడ్డ విప్పుతారు, గుంజలు ఆఖర్న పీకుతారు, వేసిన వరసకి తిరగేసి. డ్రైవర్లోనూ అంతే. పోర్ట్ ఓపెన్ అయినప్పుడు ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలు, పడటానికి మెమరీలో బఫర్లనే జాగాలు తీసుకుంటుంది, ప్యాకెట్ వచ్చిందని కార్డు పిలిచే ఇంటరప్ట్ తీసుకుంటుంది. క్లోజ్ చేసేటప్పుడు ముందు క్యూలు ఆపాలి, కార్డు నేరుగా మెమరీలోకి రాయడం ఆపించాలి, ఇంటరప్ట్ వదలాలి, అప్పుడే బఫర్లు ఫ్రీ చెయ్యాలి. కార్డు ఇంకా రాస్తుండగానే ఫ్రీ చేస్తే ఆ మెమరీ వేరే ప్రోగ్రామ్ చేతికెళ్లి, దాని డేటా మీద ప్యాకెట్ వచ్చి పడుద్ది. అసలు ఫ్రీ చెయ్యకపోతే మీవాడి సమస్య.

ఒకమ్మాయి నాకు తన కోడ్ చూపించింది. డివైస్ తీసేసే రిమూవ్ ఫంక్షన్లో ఫ్రీ నెట్‌డెవ్ (డివైస్ వివరాలున్న మెమరీని వదిలేది) పై లైన్లో, ఐఓ అన్‌మ్యాప్ (కార్డుని నడిపే రిజిస్టర్లకి పెట్టుకున్న దారి తీసేసేది) కింది లైన్లో ఉన్నాయి. కార్డు రిజిస్టర్ల అడ్రస్ దాచుకున్నదేమో ఆ నెట్‌డెవ్‌తో పాటు తీసుకున్న మెమరీలోనే. అంటే ఫ్రీ అయిపోయిన చోటు నుంచి అడ్రస్ చదువుతోంది, కూర్చున్న కొమ్మ నరుక్కున్నట్టు. చాలాసార్లు బాగానే నడిచింది, ఒకరోజు మెషిన్ మొత్తం పడిపోయింది. మెమరీ తప్పులు పట్టే కేఏసాన్ ఆన్ చేసిన కెర్నల్లో, అంటే లినక్స్ గుండెకాయలో, నడిపితే వెంటనే పట్టించింది. రెండు లైన్లు కిందామీదా మార్చడం, అంతే, దానికి ఆ అమ్మాయికి తొమ్మిది రోజులు పట్టింది, ఇంక జన్మలో మర్చిపోదు.

ఇది చిన్నపిల్లల తప్పనుకోకండి. డీపీడీకే అని, కెర్నల్‌ని పక్కనపెట్టి ప్యాకెట్లు వేగంగా నడిపే లైబ్రరీ ఉంది. అందులో పోర్ట్ క్లోజ్ చేస్తే దాని వనరులన్నీ వదిలెయ్యాలన్న పద్ధతి 2018 నవంబర్ వెర్షన్లో మేం పాటిస్తాం అని ఒక ఫ్లాగ్, అంటే గుర్తు, పెట్టుకున్న డ్రైవర్లకే వచ్చింది, అన్ని డ్రైవర్లకీ అదే రూల్ అయ్యి ఆ ఫ్లాగ్ తీసేసేసరికి 2020 నవంబర్ వచ్చింది. పెద్ద పెద్ద ఇంజనీర్లకే రెండేళ్లు పట్టిన పని, మీవాడికి మూడు వారాలు ఎక్కువా?

ఇక ఏఐ. ఏఐ చెడ్డదని నేననను, లెక్కలు గట్టిగా వచ్చి మోడల్ లోపల ఏం జరుగుతుందో తెలుసుకునేవాళ్లకి మంచి దారే. నా అనుమానమంతా లక్ష రూపాయల ఆర్నెల్ల కోర్సుల మీద. ఎవడో కట్టిన మోడల్‌ని నాలుగు లైన్లతో పిలవడం నేర్పించి సర్టిఫికెట్ చేతిలో పెడతారు, ఆ నాలుగు లైన్లు ఇప్పుడు ఆ మోడలే రాసిస్తోంది, మరి మీ పిల్లాడి దగ్గర మిగిలిందేంటి? ఇంకోటి, ఏఐ లెక్కలు చేసే జీపీయూ చిప్‌ల కంపెనీ ఎన్‌విడియా 2020లో మెల్లనాక్స్‌ని కొనుక్కుంది, మెల్లనాక్స్ చేసేది నెట్‌వర్క్ కార్డులు, స్విచ్‌లే. వేల జీపీయూలు ఒకదాంతో ఒకటి మాట్లాడుకోవాలంటే మధ్యలో ఆ కార్డులుండాలి, వాటికి డ్రైవర్లుండాలి. మీవాడు ఏఐకి దూరంగా ఏం లేడండీ.

కష్టం కూడా చెప్తా, దాచను. ఫ్రెషర్‌కి ఈ లైన్లో ఖాళీలు తక్కువ, క్యాంపస్‌కి వచ్చి వందలమందిని తీసుకెళ్లే కంపెనీలు ఇది అడగవు. హైదరాబాద్, బెంగళూరుల్లో చిప్‌లు, నెట్‌వర్క్ సామాను చేసే కంపెనీలకి వాడే వెతుక్కుంటూ వెళ్లాలి, మొదటి ఉద్యోగం ఆలస్యం కావచ్చు. అందుకే చేసింది చూపించగలగాలి. కంప్యూటర్‌కి నకలు చేసే క్యూఈఎంయూ అనే ప్రోగ్రామ్‌లో ఈ1000 అనే నకలు నెట్‌వర్క్ కార్డు పెట్టుకుని డ్రైవర్ వంద సార్లు ఎక్కించి దించమనండి, ప్రతిసారీ వదలని మెమరీని చూపించే కెమెమ్‌లీక్ రిపోర్ట్ చూడమనండి. డివైస్‌ని ఎంతమంది పట్టుకున్నారో చెప్పే యూసేజ్ కౌంట్ తగ్గకుండా ఆగి ఫ్రీ అవ్వడం కోసం వెయిటింగ్ అని మెసేజ్ వస్తుంటే, ఎవరో డివైస్‌ని పట్టుకుని వదల్లేదన్నమాట, అక్కడ వెతకమనండి.

మీమీద కోపమొచ్చింది ఒక్కచోటే. డ్రైవర్ అని చెప్పుకోవడానికి సిగ్గేంటండీ, లారీ తోలినా సిగ్గుపడే పని కాదే. మూడు వారాల్లో ఒక్కసారైనా ఎక్కడ ఆగిందిరా అని అడిగారా వాడిని? తోడల్లుడి ఇంట్లో ఏం జరుగుతుందో మాత్రం ఫీజుతో సహా తెలుసు.

ఆ లక్ష కట్టకండి. అందులో కొంచెం పెట్టి రెండు పోర్టులున్న పాత నెట్‌వర్క్ కార్డు సెకండ్ హ్యాండ్‌లో కొనివ్వండి. ఒక పోర్ట్ క్లోజ్ చేసినా రెండోది ఆగకుండా నడవాలి, ఉమ్మడిగా వాడుకునేవి ఆఖరి పోర్ట్ పోయాకే వదలాలి, వాడికి వచ్చే ఏడాది ప్రాజెక్ట్‌కి అది సరిపోద్ది.