యాక్టివ్ హ్యాండ్లింగ్ మెసేజ్ వచ్చిందని అప్పుడే పార్టులు కొనకు

అల్లుడూ,

నువ్వు పంపిన ఫొటో చూశాను. "సర్వీస్ యాక్టివ్ హ్యాండ్లింగ్" అన్న మెసేజ్, దాంతోపాటు ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ తొక్కినా చక్రాలు లాక్ అవ్వకుండా చూసేది) లైటు. అప్పుడే బ్రేక్ కంప్యూటర్ కోసం వెతకడం మొదలుపెట్టావట. ఆగు. ఇప్పుడే ఏమీ కొనకు.

నీది 2002 షెవ్రొలే కార్వెట్, సీ5 అనే ఐదో తరం మోడల్. 2001 నుంచి ఈ యాక్టివ్ హ్యాండ్లింగ్ సిస్టమ్ అన్ని సీ5లకీ కంపెనీ నుంచే వచ్చింది. నువ్వు స్టీరింగ్ ఎంత తిప్పావు, బండి నిజంగా ఎటు తిరుగుతోంది, ఏ చక్రం ఎంత వేగంగా పోతోంది అన్నవి పోల్చి చూసుకుంటూ ఉంటుంది, తేడా వస్తే ఒక చక్రానికి మాత్రమే బ్రేక్ వేసి బండిని దారిలో పెడుతుంది. అందులో ఏ ఒక్క లెక్క నమ్మకంగా అందకపోయినా పని ఆపేసి ఆ మెసేజ్ చూపిస్తుంది. అంటే అది పని చేయడం లేదని చెప్తోంది అంతే, ఏ పార్టు పోయిందో చెప్పడం లేదు.

ముందు బ్యాటరీ చూడు. రాత్రంతా ఆపి ఉంచిన బండిలో పొద్దున్నే మీటర్ పెడితే 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, ఇంజిన్ నడుస్తుంటే సుమారు 13.5 నుంచి 14.5 మధ్య. స్టార్ట్ చేసేటప్పుడు వోల్టేజీ బాగా పడిపోతే ఈ పాత కంప్యూటర్లు కంగారుపడి వరసగా మెసేజ్‌లు పెడతాయి, అసలు తప్పేమీ లేకపోయినా సరే. టెర్మినళ్ళు విప్పి శుభ్రంగా గీకి బిగించు, ఎర్త్ వైర్లు ఛాసిస్‌కి తగిలే చోట కూడా.

తర్వాత కోడ్‌లు, అంటే ఏ తప్పు వచ్చిందో బండి దాచుకునే నంబర్లు. దీనికి స్కానర్ అక్కర్లేదు, సీ5లో నాకు బాగా నచ్చేది ఇదే. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్‌లో పెట్టు, స్క్రీన్ మీదున్న మెసేజ్‌లు రీసెట్ నొక్కి తీసెయ్యి, ఆప్షన్స్ బటన్ నొక్కి పట్టుకుని ఫ్యూయెల్ బటన్ నాలుగుసార్లు నొక్కు. కోడ్‌లు ఒక్కొక్కటే కనిపిస్తాయి. చివర సీ ఉంటే ఆ తప్పు ఇప్పుడు ఉన్నట్టు, హెచ్ ఉంటే ఎప్పుడో వచ్చి పోయినట్టు. ఏళ్ళ నాటి హెచ్ కోడ్‌లు చూసి టెన్షన్ పడకు.

సీ1221 నుంచి సీ1224 దాకా ఏదైనా వస్తే ఒక చక్రం స్పీడు అందడం లేదని: ముందు ఎడమ, ముందు కుడి, వెనక ఎడమ, వెనక కుడి, ఆ వరసలోనే. ఇక్కడ నా అనుభవం చెప్తాను. నా బండికి ఇదే మెసేజ్ వస్తే ఒక షెడ్డులో మాడ్యూలే, అంటే ఆ బ్రేక్ కంప్యూటరే, మార్చేశారు, రెండు వారాలకు మళ్ళీ అదే మెసేజ్. చివరికి నేనే జాకీ ఎత్తి, స్టాండ్ల మీద నిలబెట్టి, ముందు కుడి చక్రం వెనక కనెక్టర్ విప్పి చూస్తే లోపలి పిన్ను మీద పచ్చగా చిలుము పట్టి ఉంది. అంత చిన్న పిన్ను. శుభ్రం చేసి పెట్టాను, ఆ మెసేజ్ మళ్ళీ రాలేదు. డబ్బు కంటే, ముందే ఆ పిన్ను చూడలేదే అన్న బాధ ఇప్పటికీ ఉంది.

అందుకే అడుగుతున్నాను, చక్రం వెనక వైరు మొత్తం చేత్తో తడుముతూ చూడు. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు సాగుతోందా, ఎక్కడైనా ఒరుసుకుందా? పై తొడుగు బాగానే ఉండి లోపల తీగ తెగిపోవడం మామూలే. కనెక్టర్ విప్పి, చక్రం వేగం కొలిచే సెన్సార్ వైపు మీటర్‌ని ఏసీ వోల్టుల్లో పెట్టి, చక్రం చేత్తో తిప్పు. వేగం పెరిగే కొద్దీ రీడింగ్ పెరగాలి. మిగతా మూడూ చూపిస్తుంటే ఒకటి కదలకపోతే దొంగ దొరికినట్టే. అలాగే చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపు. ఈ బండిలో సెన్సార్ హబ్ (చక్రం బిగించే మధ్య భాగం) బేరింగ్‌లోనే ఉంటుంది కాబట్టి బేరింగ్ ఆడుతుంటే సిగ్నల్ కూడా చెడుతుంది, అప్పుడు హబ్ మొత్తం మార్చాల్సిందే.

పార్కింగ్‌లో మెల్లగా స్టీరింగ్ తిప్పేటప్పుడే మెసేజ్ వస్తుంటే మాత్రం స్టీరింగ్ ఎంత తిప్పావో చెప్పే స్టీరింగ్ పొజిషన్ సెన్సార్ మీద అనుమానపడు. ఈ మధ్య టైర్లు మార్చావా? ముందు 17, వెనక 18 అంగుళాల చక్రాలు, కంపెనీ ఇచ్చిన సైజులు 245/45, 275/40. వేరే సైజు వేస్తే చక్రాల వేగాల లెక్క తప్పుతుంది.

మాడ్యూల్ వైపు వేలు చూపే సీ1214 కోడ్ వస్తే అప్పుడు దాని గురించి ఆలోచిద్దాం. అప్పుడు కూడా ముందు దానికి వచ్చే కరెంటు, ఎర్త్ సరిగ్గా ఉన్నాయో చూశాకే. కొత్తది కొనే ముందు ఉన్నదాన్ని రిపేరు చేయించే దారి అడుగు.

ఈలోగా బండి తీయాల్సి వస్తే, బ్రేకులు మామూలుగా పడతాయి కానీ గట్టిగా తొక్కితే చక్రాలు లాక్ అవుతాయి, వెనక జారితే ఆపడానికి ఏమీ ఉండదు. వాన పడుతుంటే అసలు తీయకు. ఎర్ర బ్రేక్ లైటు కూడా వెలిగితే అక్కడే ఆపేసి ఫ్లూయిడ్ చూడు, అది వేరే సంగతి.

బ్యాటరీ రీడింగ్‌లు, చివర సీనో హెచ్చో కనిపించేలా కోడ్‌ల ఫొటోలు నాకు పంపు. నేను చూసేదాకా వాటిని చెరపకు.

మీ మామయ్య