గాల్ బ్లాడర్ ఆపరేషన్ అయ్యాక అమ్మ కంట్లో ఇసుక పడ్డట్టుందంటోంది. అసలు ఓటీలో (ఆపరేషన్ థియేటర్‌లో) కళ్లకు ప్లాస్టర్ వేస్తారు కదా, అయినా ఎందుకిలా?

ఒక్క కన్నే ఎర్రబడి, నీళ్లు కారుతూ, వెలుతురు చూడలేకపోతుంటే ముందు అనుమానించాల్సింది కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) మీద గీత. మెహదీపట్నం సరోజినీ దేవి ఆసుపత్రికో, దగ్గర్లోని కంటి డాక్టర్ దగ్గరికో ఈరోజే తీసుకెళ్లండి. ఫ్లోరెసిన్ రంగు వేసి నీలి వెలుగులో చూస్తే గీత ఆకుపచ్చగా మెరుస్తుంది. చిన్నదైతే యాంటీబయాటిక్ మందుతో మామూలుగా రెండు మూడు రోజుల్లో మానిపోతుంది. నొప్పికి తాళలేక మొద్దుబార్చే చుక్కలు మాత్రం ఇంటికి తెచ్చుకోకండి. నొప్పి తెలియదు, గాయం మానదు.

ఇక ప్లాస్టర్ సంగతి. మత్తులో రెప్ప మూసే కండరం వదులైపోతుంది, కన్నీరు తగ్గుతుంది, ఏం తగిలినా రెప్ప కొట్టుకోదు. చాలామందికి రెప్పల మధ్య సన్నటి సందు మిగిలిపోతుంది. ఆ సందులో కార్నియా ఎండుతుంది. ఎండిన కార్నియాకు గుడ్డ అంచు తగిలినా పైపొర లేచిపోతుంది.

ప్లాస్టర్ అందరూ వేస్తారు. ఎప్పుడు వేస్తున్నారన్నదే నా గొడవ. గొంతులోకి శ్వాస ట్యూబ్ వేసి, దాన్ని అంటించి, మిషన్‌కి తగిలించి, అంతా సర్దుకున్నాక కళ్లు గుర్తొస్తాయి. అప్పటికే జరగాల్సింది జరిగిపోయి ఉండొచ్చు. మాస్క్ అంచు కంటి మూలకు ఒత్తుకుంటుంది. ట్యూబ్ వేయడానికి గొంతులోకి చూసే లారింగోస్కోప్ పట్టుకుని మత్తు డాక్టర్ మొహం మీదికి వంగితే మెడలో స్టెతస్కోప్, ఐడీ కార్డు, చేతి గడియారం సరిగ్గా ఆ కళ్ల మీదే ఊగుతాయి. ఓటీ లోపల ఆ కార్డు ఎవరికి చూపించాలో నాకైతే అర్థం కాదు. కడుపు నిండా ఉన్న ఎమర్జెన్సీ కేసులో ట్యూబే ముందు, ఒప్పుకుంటా. మిగతా అన్నింట్లో కళ్లే ముందు.

రెప్ప వెంట్రుకల్ని వేలితో అలా తాకి, రెప్ప కదలకపోతే వెంటనే ప్లాస్టర్ పడాలి. (ఆరో నిజాం కాలంలో, 1889లో మన హైదరాబాద్‌లోనే మత్తుమందు క్లోరోఫాం మీద కూర్చున్న రెండో క్లోరోఫాం కమిషన్ ఏకంగా కంటిగుడ్డునే వేలికొసతో ముట్టి మత్తు చూడమంది. ఇప్పుడా పని ఎవరూ చేయకూడదు.) పై రెప్పను పూర్తిగా కిందికి దించి, వెంట్రుకలు లోపలికి మడవలేదని చూసి, మైక్రోపోర్‌ను (కాగితం లాంటి ప్లాస్టర్) రెప్పలు కలిసే గీత వెంబడి అడ్డంగా అంటించాలి. తీసేటప్పుడు పైనుంచి కిందికే లాగాలి. కింద నుంచి పైకి లాగితే కన్ను తెరుచుకుని జిగురు నేరుగా కార్నియాకే తగులుతుంది. అందరికీ పెట్రోలియం ఆయింట్‌మెంట్ పూసే అలవాటు నాకు నచ్చదు. ప్లాస్టర్ సరిగా అంటదు, లేచాక చూపు మసకగా ఉండి రోగి కళ్లు నలుపుకుంటాడు, పైగా మొహం దగ్గర ఆక్సిజన్, కాటరీ (కరెంటుతో కాల్చే పరికరం) ఉంటే అంటుకునే ప్రమాదం. రెప్ప ఎంతకీ మూసుకోకపోతే కంటిని తడిగా ఉంచే, ప్రిజర్వేటివ్ లేని మిథైల్‌సెల్యులోజ్ చుక్కలు చాలు.

మొహం, తల ఆపరేషన్లయితే ఇంకో బాధ. క్రిములు చావడానికి చర్మానికి రాసే క్లోర్‌హెక్సిడిన్ కంట్లోకి కారితే కార్నియా శాశ్వతంగా దెబ్బతినొచ్చు. నురగొచ్చే బెటాడిన్ స్క్రబ్ కూడా కంటికి పడదు. అక్కడ మైక్రోపోర్ తడిసి ఊడిపోతుంది కాబట్టి నీళ్లు దూరని పారదర్శకమైన డ్రెస్సింగ్ వేయాలి. బోర్లా పడుకోబెట్టే వెన్ను ఆపరేషన్లలో ప్లాస్టర్ ఒక్కటే కాపాడదు. గుడ్డు మీద ఒత్తిడి పడితే రెటీనాకు (కంటి వెనక చూపునిచ్చే పొర) రక్తం ఆగి చూపే పోవచ్చు. కళ్ల దగ్గర ఖాళీ ఉన్న ఫోమ్ దిండు వాడి, పావుగంటకోసారి తొంగి చూడాల్సిందే.

మీ అమ్మగారిది వెల్లకిలా చేసే ఆపరేషన్ కాబట్టి ఒత్తిడి సంగతి వదిలేయండి. ట్యూబ్ వేసే ముందైనా తగిలుండాలి, ఆపరేషన్ అయ్యాక ఉంచే రికవరీ గదిలోనైనా. మత్తు దిగుతున్నప్పుడు ఎవరైనా ముందు చేసే పని కళ్లు నలుపుకోవడం. ఆ నలిపే వేలికే రక్తంలో ఆక్సిజన్ కొలిచే గట్టి ప్లాస్టిక్ క్లిప్పు ఉంటుంది! దాన్ని చూపుడువేలికి కాకుండా ఉంగరపు వేలికి పెడితే ఈ తంటా చాలావరకు తప్పుతుంది. ఇంట్లో ఇంకెవరికైనా ఆపరేషన్ ఉంటే కాటుక, మస్కారా తుడిచి, కాంటాక్ట్ లెన్సులు తీయించి పంపండి. గ్లాకోమా, థైరాయిడ్ వల్ల ముందుకొచ్చిన కళ్లు, లేసిక్ (కళ్లజోడు అక్కర్లేకుండా చేసే లేజర్ ఆపరేషన్) లాంటివుంటే మత్తు డాక్టర్‌కి ముందే చెప్పండి. రికవరీలోకి మిమ్మల్ని రానిస్తే క్లిప్పు ఏ వేలికుందో చూసి, సిస్టర్‌ని అడిగి మార్పించండి.