కొండ కింద ఫ్లాటు కొనేముందు

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవి సుధీర్‌కు పెదనాన్న ఆశీస్సులు.

కొలరాడోలో మంచుపై జారే స్కీయింగ్ కొండ పాదాన ఫ్లాటు చూశావనీ, ఆ రిసార్టును ఈమధ్యే ఒక పెద్ద కంపెనీ కొన్నది కనుక ధర పెరుగుతుందని అమ్మేవారు చెబుతున్నారనీ రాశావు. బయానా ఇవ్వకముందే అడిగావు, సంతోషం. నేను మంచుకొండ ఎక్కినవాణ్ణి కాను గానీ, ముప్పయ్యేళ్లు బ్యాంకులో అప్పుల ఫైళ్లు చదివినవాణ్ణి. నువ్వు పంపిన కాగితాల్లో కొత్త యజమాని పేరు పదేపదే కనిపించింది తప్ప, కొండ ఎవరిదన్న మాట ఒక్కచోట కూడా లేదు.

ఈ సంగతి ముందు ఎందుకు ఎత్తుతున్నానంటే, ఒకప్పుడు ఇక్కడ ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ చేతులు మారినప్పుడు, కొన్నవారి పరపతి చూసి అప్పుకు సిఫారసు చేశాను. భవనం, యంత్రాలు వారివే గానీ స్థలం లీజుది, ఆ లీజుకు మిగిలింది రెండేళ్లే. గడువు తీరాక స్థలం వారు ఒప్పుకోలేదు. మిర్చి టిక్కీలు (బస్తాలు) దాచుకున్న రైతులు వేరే చోటికి పరుగులు పెట్టారు. ఆ లీజు కాగితం నేను చదవకపోవడం ఈనాటికీ నన్ను బాధిస్తుంది.

యూటాలోని పార్క్ సిటీ స్కీయింగ్ రిసార్టులో జరిగింది దీనికంటే పెద్దది. అక్కడ పై వాలులు ఒకరివి, కింది స్థలం, పార్కింగు రిసార్టును నడిపేవారివి. ఏళ్లతరబడి రిసార్టును నడిపిన పౌడర్ (POWDR) అనే కంపెనీ, 2011లో ఆ పై వాలుల లీజు పొడిగింపు ఉత్తరాన్ని గడువు దాటిన రెండు రోజులకు పంపి, కోర్టుల్లో పోరాడి, చివరకు 2014లో తన చేతిలో ఉన్నదాన్ని 18.25 కోట్ల డాలర్లకు వెయిల్ రిసార్ట్స్ అనే స్కీయింగ్ కంపెనీకి అమ్మి తప్పుకుంది. మీ కొలరాడోలో పెద్ద రిసార్టుల వాలులు చాలావరకు అమెరికా అటవీ శాఖ భూములు. అక్కడ రిసార్టు నడపడానికి ఆ శాఖ పర్మిట్ 40 ఏళ్ల వరకు ఇస్తుంది గానీ, రిసార్టు అమ్మినంత మాత్రాన అది కొన్నవారి పేరున దానంతట అదే మారదు. కనుక కొత్త కంపెనీ పేరున పర్మిట్ వచ్చిందా, ఎన్నేళ్లకు వచ్చింది అన్నది మొదట అడుగు.

నీటి సంగతి కూడా తేల్చుకో. మంచు తక్కువ పడిన ఏడాది గడ్డకట్టే చలిలో నీటిని చిమ్మి మంచు చేస్తారు కదా. మన డెల్టాలో కాలువ నీరు ఆయకట్టు భూమిని అంటిపెట్టుకుని ఉంటుంది. కొలరాడోలో నీటి హక్కును భూమి నుంచి విడదీసి అమ్ముకోవచ్చు. ఆ హక్కు పాత యజమాని దగ్గరే ఉండిపోయిందేమో చూడాలి.

రిసార్టే మూతపడితే ఏమవుతుందో వెర్మాంట్ రాష్ట్రంలోని అస్కట్నీ అనే స్కీయింగ్ కొండ చెబుతుంది. 2010లో అక్కడ జనాన్ని కొండపైకి చేర్చే లిఫ్టులు ఆగిపోయాయి, తర్వాత వాటిని విప్పి అమ్మేశారు. కొండను చూసి ఇళ్లు కొన్నవారికి ఇళ్లు మాత్రం మిగిలాయి. ఆ ఊరివాళ్లు కుంగిపోకుండా భూమిని ఊరి అడవిగా కాపాడుకుని, స్వచ్ఛందంగా చిన్న లిఫ్టు నడుపుకుంటున్నారు. నాకు వారిమీద ఎంతో గౌరవం. అయితే నువ్వు అప్పు చేసి కొనే ఫ్లాటుకు ఆ గౌరవం వాయిదా కట్టదు. 2024లో వెర్మాంట్‌లోనే ఉన్న కిల్లింగ్టన్ రిసార్టును, సీజనంతా స్కీయింగుకు పాసులు కొనే స్థానికులే కొందరు కలిసి కొన్నారని విని సంతోషించాను. అయినా అలాంటి చోట కూడా నేను ఇవే కాగితాలు అడుగుతాను.

సీజన్ పాస్ ధర గురించి ఇప్పుడే దిగులుపడకు, అది ఏటా మారేదే. ఫ్లాట్ల సంఘం లెక్కలు మూడేళ్లవి తీసుకుని, మరమ్మతు నిధి ఎంత ఉందో, లిఫ్టు ఆగితే అద్దె రాబడి లేకుండా వాయిదా కట్టగలవో లేదో కోడలితో కూర్చుని లెక్క వేసుకో. పర్మిట్, నీటి హక్కు, సంఘం లెక్కలు చేతికి రాగానే స్కాన్ చేసి పంపు. బయానా గడువు ఎప్పటిదో కూడా రాయి, ఆలోపే చదివి ఫోన్ చేస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న